పడమటి రేవుల కథలు – 9: సున్నంలో దాచిన దేహం, సున్నం ఊడిన గుడి

గత భాగంలో ఫ్రాన్సిస్ జేవియర్‌ను శాంచియన్ దీవిలో, ఆకుల పాకలో, జ్వరం మంచం మీద వదిలి వచ్చాం. 1542 మే 6న గోవా రేవులో దిగి, చేతిలో గంట పట్టుకుని వీధివీధీ తిరిగి పిల్లల్ని పోగేసిన మనిషి ఆయన. ముత్యాల తీరపు పరవల పల్లెల నుంచి మలక్కా, మొలుక్కా దీవులు, జపాను దాకా పదేళ్లలో చుట్టొచ్చాడు. చివరికి చైనా గడ్డ ఎదురుగా ఉన్నా దాటించే పడవ రాక, 1552 డిసెంబరు 3న కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 46.

మన గుంటూరు, కృష్ణా వైపు కథోలిక కుటుంబాల్లో వినిపించే శౌరయ్యలు, శౌరమ్మలు, శౌరిరాజులు అందరి పేరూ ఈయనదే. జేవియర్ తమిళనాట సవరి అయ్యాడు, మన దగ్గర శౌరి అయ్యాడు. ఆ పేరుకు ఇంత దూరం నడిచే కాళ్లు ఎలా వచ్చాయో తెలియాలంటే ఆయన చచ్చిపోయిన తర్వాతి కథ చెప్పుకోవాలి. బతికున్నప్పటి ప్రయాణాల కన్నా అదే పెద్దది. ఆ కథకు మధ్యలో ఒక గుడి ఉంది: గోవాలోని బోం జెసూ. పోర్చుగీసులో ఆ మాటకు ‘మంచి యేసు’ అని అర్థం. మన కథోలికులు బాల యేసు అంటారే, ఆ స్వామి గుడి.

కథ మొదలయ్యేది మాత్రం సున్నంతో.

శాంచియన్‌లో ఆయన పక్కన ఉన్నది అంటోనియో అనే చైనా యువకుడు. లంగరు వేసి ఉన్న శాంతా క్రూజ్ ఓడ వాళ్లు కొద్దిమంది వచ్చి పాతిపెట్టే పని చేశారు. పెట్టెలో శవం కింద రెండు బస్తాలు, పైన రెండు బస్తాలు సున్నం పోశారు. భక్తితో చేసిన పని కాదది, లెక్క చూసుకుని చేసిన పని. సున్నం మాంసాన్ని తొందరగా తినేస్తుంది, ఓడ తిరిగి బయలుదేరే నాటికి ఎముకలు మిగులుతాయి, మూట కట్టుకుని ఇండియాకు తీసుకుపోవచ్చు అని. రెండున్నర నెలల తర్వాత 1553 ఫిబ్రవరిలో తవ్వి చూశారు. శరీరం చెడలేదు.

అద్భుతం అన్నారు. మరి అంత సున్నం, అంత చలికాలం, పెట్టెలోకి గాలి పోని కట్టుదిట్టం ఉంటే అలా జరగవచ్చునని తర్వాతి రోజుల్లో వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ తగవు తీర్చడం మన పని కాదు. చరిత్రకు కావలసిందల్లా ఆ ఓడ మనుషులు చూసింది నమ్మారన్న సంగతి. మార్చిలో మలక్కా చేరితే అక్కడ పెట్టె కూడా లేకుండా మట్టిలో పెట్టారు. ఆగస్టులో మళ్లీ తీశారు. 1554 మార్చి 16న దేహం గోవా చేరింది. ఊరు ఊరంతా రేవు మీదికి వచ్చింది. పాదాలు ముద్దుపెట్టుకోవడానికి వంగిన ఒక స్త్రీ కాలివేలు కొరికి తీసుకుపోయిందని గోవాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దేహాన్ని జెసూట్ల సెయింట్ పాల్ కాలేజీలో ఉంచారు. మన కథలో గుడి ఇంకా పుట్టలేదు. దానికి మరో 40 ఏళ్లు పడుతుంది.

ఆ 40 ఏళ్లలో గోవా ఎలా ఉండేదో ఒకసారి చూడాలి.

మాండవి నది ఒడ్డున పోర్చుగీసు రాజధాని. రేవు నుంచి లోపలికి పోయే పెద్ద వీధి రువా దిరైతా, అంటే తిన్నని వీధి. నగల దుకాణాలు, పట్టుబట్టలు, పారశీక గుర్రాలు అన్నీ అక్కడే. మనుషుల వేలం కూడా ఆ వీధిలోనే. బంటుల కూలీకి కూడా డబ్బు చాలని పోర్చుగీసు సోల్జరు సైతం వీధిలోకి వస్తే తలమీద గొడుగు పట్టే బానిస ఒకడు వెనకాల ఉండాల్సిందే. మేనాలు, తమలపాకులు, పూలదండల అత్తరు వాసనలు. కిటికీలకు గాజు బదులు ఆల్చిప్పలను పలుచటి పలకలుగా కోసి బిగించేవారు, లోపలికి పాలవంటి వెలుతురు వచ్చేది. 1556లో సెయింట్ పాల్ కాలేజీలో అచ్చుయంత్రం దించారు. భారతదేశంలో అచ్చు పని మొదలైంది అక్కడే.

ఇది వెలుగు పక్క. చీకటి పక్క కూడా అంతే పొడవు. 1540ల్లోనే తిస్వాడి దీవి మీది గుళ్లు పడగొట్టడం మొదలైంది. గుడి మాన్యాల ఆదాయం జెసూట్ కాలేజీకి మళ్లింది. 1560లో ఇన్‌క్విజిషన్ వచ్చింది. అలాంటి విచారణ సభ ఒకటి గోవాకు కావాలని 1546లోనే పోర్చుగల్ రాజుకు ఉత్తరం రాసినవాడు ఇంకెవరో కాదు, జేవియరే. ఆ సంగతి దాచి ఆయన్ని పొగడలేం, ఆ ఒక్కటే పట్టుకుని ఆయన్ని తేల్చేయలేం. జువారి నది ఇవతల ఉన్న దేవుళ్లను రాత్రికి రాత్రి పడవల్లో అవతలికి, పోర్చుగీసువాళ్ల చెయ్యి అందని ఫోండా వైపు తరలించారు. కుశస్థలి నుంచి మంగేశుడు, కేలోశి నుంచి శాంతాదుర్గ అలా వెళ్లినవారే. ఇప్పుడు గోవా వెళ్లే తెలుగు యాత్రికులు పొద్దున మంగేశి గుడి, మధ్యాహ్నం బోం జెసూ చూసి వస్తారు. ఈ రెండింటి మధ్య ఉన్న దారి ఒకప్పటి పారుబాట అని బస్సులో ఎవరూ చెప్పరు.

బయటి రాజకీయమూ కుదురుగా లేదు. విజయనగరానికి గుర్రాలు అమ్ముకుని బతికిన ఊరు గోవా. 1565లో రాక్షస తంగడి దగ్గర అళియ రామరాయల తల తెగిపడ్డాక పెద్ద బేరగాడు పోయాడు. గెలిచిన సుల్తానుల్లో బీజాపూరు అలీ ఆదిల్ షా 1570లో గోవా మీదికే వచ్చి పది నెలలు చుట్టుముట్టి కూర్చున్నాడు. వైస్రాయి లూయీష్ ద అతాయిద్ ఎలాగో నిలబడ్డాడు. ఊరు పోలేదు. కానీ రాబడి ఇదివరకటిది కాదన్న సంగతి అప్పటికే తెలిసినవాళ్లకు తెలుసు. వింత ఏమిటంటే, రాబడి తగ్గే కాలంలోనే గోవాలో పెద్ద పెద్ద గుళ్లు లేచాయి. మన దగ్గర కూడా అంతే కదా, ఇల్లు కూలబోయే జమీందారే కల్యాణ మండపం కట్టిస్తాడు.

గుళ్ల పోటీ వెనుక మఠాల పోటీ ఉంది. ఫ్రాన్సిస్కన్లు అందరికన్నా ముందు, 1517లోనే వచ్చారు. డొమినికన్లు 1548లో, అగస్టీనియన్లు 1572లో వచ్చారు. వాళ్లందరికీ ఊరి మధ్యలో చోటుంది. జెసూట్లు, అంటే యేసు సభవాళ్లు, చదువులోనూ రాజుల దర్బారుల్లోనూ అందరినీ మించిపోయారు కానీ వాళ్ల కాలేజీ ఊరి చివర పడింది. ఊరి నడుమ ఒక పెద్ద మఠం కావాలని వాళ్లు పట్టుబట్టారు. మిగిలినవాళ్లకు అది కంటగింపు అయింది. ఎంత వ్యతిరేకత వచ్చినా 1580ల్లో జెసూట్లు తమ ‘ప్రతిజ్ఞా గృహం’ కట్టేశారు. చివరి ప్రతిజ్ఞలు తీసుకున్న గురువులు ఉండే ఇల్లు కనుక ఆ పేరు. తూర్పు దేశాలకు పోయే పాదిరీలంతా బయలుదేరింది ఆ గుమ్మం నుంచే.

ఆ ఇల్లు లేస్తున్న ఏళ్లలో వాళ్లకు ఒక దెబ్బ తగిలింది. అక్బరు పాదుషా పిలుపు మీద ఫతేపూర్ సిక్రీ వెళ్లి మూడేళ్లు ఉండి వచ్చిన రొదోల్ఫో అక్వావివా అనే ఇటలీ పాదిరీ, 1583 జులైలో గోవా దక్షిణాన కుంకోళ్లి పల్లెకు మరో నలుగురు జెసూట్లతో కలిసి వెళ్లాడు. గుళ్లు పోగొట్టుకుని ఉడికిపోతున్న ఊరు అది. జనం మీద పడి ఐదుగురినీ చంపేశారు. బదులుగా పోర్చుగీసు అధికారులు మాట్లాడదాం రమ్మని ఊరి పెద్దలను అసోల్నా కోటకు పిలిచి, నిరాయుధంగా వచ్చినవాళ్లను అక్కడే చంపించారు. చర్చి పుస్తకాల్లో మొదటి ఐదుగురే అమరులు. కుంకోళ్లి ఊళ్లో రెండోవాళ్లకూ స్మారకం ఉంది. చనిపోయిన రొదోల్ఫో పినతండ్రి క్లాదియో అక్వావివా అప్పటికి రోములో యేసు సభ మొత్తానికి పెద్ద. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తుంది.

మఠం అయింది, పక్కన గుడి కావాలి. దానికి డబ్బు ఒక చచ్చిపోయినవాడి దగ్గర్నుంచి వచ్చింది. కొచ్చిన్‌లో, హోర్ముజ్‌లో కెప్టెన్‌గా పనిచేసిన దోం జెరోనిమో మస్కరేన్యాస్ 1593లో పోతూ పోతూ ఆస్తిని ఈ గుడికి రాసిపోయాడు. కెప్టెన్ అంటే జీతం చిన్నది, పై ఆదాయం పెద్దది. పారశీక ఖాతం ముఖద్వారంలో హోర్ముజ్ లాంటి సుంకాల రేవులో మూడేళ్లు కూర్చుంటే మూడు తరాలకు సరిపడేది. ఆ డబ్బులో ఎంత మిరియాల వాసన ఉందో, ఎంత గుర్రపు చెమట ఉందో ఎవరు విడదీసి చెప్పగలరు? గుడి లోపల ఎడమ గోడకు, ప్రసంగ వేదికకు ఎదురుగా, ఆయన స్మారకం పూతపూసిన కంచుతో చేసి పెట్టారు. రోజూ వచ్చే వేలమంది దాన్ని చూడకుండానే దాటిపోతారు. దాత బతుకు ఎప్పుడూ అంతే.

1594 నవంబరు 24న పునాదిరాయి వేశారు. జెసూట్ల తరఫున పని చూసింది దొమింగుష్ ఫెర్నాందిష్ అనే సభ్యుడు. రాజ్యపు ప్రధాన ఇంజినీరు జూలియు సిమావ్ పేరు కూడా ఈ గుడితో కలిసే వినిపిస్తుంది. రోడ్డుకు అటువైపు అప్పటికే ముప్పై ఏళ్లుగా లేస్తూ ఉన్న సే కథెడ్రల్ పనిలోనూ ఆయన చెయ్యి ఉంది. పనిలో దిగిన మేస్త్రీలు, రాళ్లు కోసినవాళ్లు, ఆల్చిప్పలు కాల్చి గుల్లసున్నం చేసినవాళ్లు కొంకణపు వాళ్లు.

ఇక్కడ రాయి గురించి కాస్త తాపీగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ గుడి సుఖం, కష్టం అన్నీ ఆ రాయిలోనే ఉన్నాయి. కొంకణపు నేల కింద దొరికేది లాటరైట్. ఇనుము తుప్పు రంగు, ఒళ్లంతా చిల్లులు. భూమిలో ఉన్నంతసేపు మెత్తగా గొడ్డలికి లొంగుతుంది. ఇటుకల్లా కోసి పైకి తీసి ఎండా గాలీ తగలనిస్తే గట్టిపడుతుంది. మలబారు వాళ్లు దాన్ని ‘కోత రాయి’ అనే అర్థం వచ్చేలా వెట్టుకల్లు అంటారు. అక్కడే దాన్ని చూసి 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ లాటరైట్ అని పేరు పెట్టాడు, లాటిన్‌లో ‘ఇటుక’ అని. చవక, తేలిక, ఎక్కడ తవ్వినా దొరుకుతుంది. లోపం ఒక్కటే, నీళ్లు తాగుతుంది. గోవాలో నాలుగు నెలల్లో సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురంలో ఐదారేళ్లలో పడేది అక్కడ ఒక్క వానకారులో పడుతుంది. అలాంటి చోట ఈ రాయితో కట్టాలంటే మీద సున్నపు గచ్చు పూసి తీరాలి. ఏటేటా వానలు వెళ్లాక కొత్తగా వెల్ల వేసి తీరాలి. కొంకణపు మేస్త్రీకి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. రాయి ఎముక, గచ్చు చర్మం.

లాటరైట్‌లో సన్నటి చెక్కడం కుదరదు, చిల్లుల్లో ఉలి ఆగదు. అందుకని స్తంభాలకు, ద్వారబంధాలకు, పూలతీగలకు నల్ల బసాల్ట్ రాయి కావలసి వచ్చింది. దాన్ని ముంబైకి ఉత్తరాన ఉన్న వసాయి నుంచి, సుమారు 300 మైళ్ల దూరం, ఓడల్లో తెచ్చారు. గుడి ముఖం ముందు నిలబడి తలెత్తి చూస్తే కింద మూడు ద్వారాలు, పైన మూడు పెద్ద కిటికీలు, ఆపైన మూడు గుండ్రటి కిటికీలు కనిపిస్తాయి. అన్నిటి మీదా ముక్కోణపు శిఖరంలో, దేవదూతలు మోస్తున్న పలకపై యేసు నామానికి గుర్తైన మూడక్షరాలు, జెసూట్ల ముద్ర. అంతస్తు మారితే స్తంభాల శైలీ మారుతుంది. గ్రీకు, రోమన్ పద్ధతులన్నీ ఒకే గోడ మీద వరుసగా చూపించాలన్న ఉబలాటం కనిపిస్తుంది. గంటల గోపురం మాత్రం ముందు లేదు, వెనక ఉంది. పోర్చుగీసు గుళ్లకు ముందు రెండు బురుజులు ఉండడం అలవాటు. ఈ గుడి ఆ అలవాటు పాటించలేదు.

లోపలికి వెళ్తే ఒకటే పొడుగాటి హాలు. 183 అడుగుల పొడవు, 55 అడుగుల వెడల్పు, 61 అడుగుల ఎత్తు. చూపుకు అడ్డు వచ్చే స్తంభాల వరుసలు లేవు. దీనికి కారణం అందం కాదు, ప్రసంగం. రోములో అంతకు పదేళ్ల ముందే పూర్తయిన జెసూట్ల తల్లి గుడి జెసూకు ఇదే పద్ధతి. వాళ్లకు బోధ ముఖ్యం. పాదిరీ మాట వెనక బెంచీ దాకా వినపడాలి, బలిపీఠం ప్రతివాడికీ కనపడాలి. ప్రసంగ వేదిక అడుగున ఏడు బొమ్మలు దాన్ని భుజాల మీద మోస్తూ వంగి ఉంటాయి. ఆ కొయ్య చెక్కడంలో యూరోపు ముఖాలకు కొంకణపు కళ్లు వచ్చాయి. ప్రధాన పీఠం నేల నుంచి కప్పు దాకా బంగారు రేకు పూత. అందులో గమ్మత్తు చూడండి. గుడి పేరుకు స్వామి బాల యేసు, కానీ ఆయన విగ్రహం కింద చిన్నది. పైన నిలువెత్తున నిలబడి సూర్యబింబంలోని యేసు నామం వైపు చూస్తున్నది యేసు సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లయోలా. వినయానికి పేరుపడిన సభ, తన మూలపురుషుణ్ని మాత్రం కాస్త పెద్దగానే చేయించుకుంది.

1605 మే 15న గుడి ప్రతిష్ఠ జరిగింది. జరిపింది గోవా అగ్రపీఠాధిపతి అలైషు ద మెనెజిష్. ఈయన ఆరేళ్ల కిందట, 1599లో, కేరళ వెళ్లి ఉదయంపేరూరు సభ పెట్టి అక్కడి సిరియను క్రైస్తవుల పాత పద్ధతులు మార్పించి తరతరాల తగవుకు విత్తనం వేసి వచ్చినవాడు. స్వయానా అగస్టీనియన్. తన మఠం వాళ్లు పక్క గుట్టమీద అప్పుడే కట్టుకున్న మహాసౌధాన్ని చూసి వచ్చిన కళ్లతోనే పోటీదారుల గుడిని ప్రతిష్ఠించాడు. ఆ అగస్టీనియన్ గుడి కప్పు 1842లో కూలింది, బురుజు సగం 1931లో పడింది. ఇప్పుడు మిగిలింది ఎర్రటి మొండి బురుజు ఒక్కటి. బోం జెసూ నిలిచింది. అది నిలవడానికి కారణం కట్టుబడి ఒక్కటే కాదు, లోపలికి వచ్చి చేరిన అతిథి.

ఆ అతిథి రాకముందే చెయ్యి వెళ్లిపోయింది. 1614లో రోము నుంచి క్లాదియో అక్వావివా ఆజ్ఞ వచ్చింది, జేవియర్ కుడిచెయ్యి మోచేతి నుంచి పంపమని. వేలమందికి జ్ఞానస్నానం ఇచ్చిన చెయ్యి కదా. కుంకోళ్లి నుంచి అన్న కొడుకు రాని పెద్దాయనకు గోవా నుంచి ఇది చేరింది. నేటికీ రోములోని జెసూలో ఉంది. జేవియర్ 1619లో ధన్యుడు, 1622 మార్చి 12న పునీతుడు అయ్యాడు. ఇగ్నేషియస్‌కూ అదే రోజున ఆ గౌరవం దక్కింది. 1624లో దేహాన్ని ఊరి చివరి కాలేజీ నుంచి బోం జెసూకు తరలించారు. ఇక అప్పటి నుంచి జనం నోట ఇది బాల యేసు గుడి కాదు, శౌరి గుడి.

వెండి పేటిక 1637లో తయారైంది. మార్చెల్లో మస్త్రిల్లి అనే ఇటలీ జెసూట్ తన ప్రాణం నిలిపింది జేవియరేనని నమ్మి మొక్కు తీర్చుకోవడానికి చేయించాడు. పని గోవా వెండి పనివాళ్లది. చుట్టూ 32 రేకుల మీద పునీతుని జీవితం ఘట్టాలుగా పొదిగారు. ఊహ ఇటలీది, చేతివాటం మాత్రం మన గుళ్ల వెండి తొడుగులు చేసేవాళ్లది. మొక్కు తీర్చిన మస్త్రిల్లి జపాను వెళ్లాడు, అదే ఏడాది నాగసాకిలో తల పోయింది.

ఇంకో అరవై ఏళ్లకు పేటిక కింద పీఠం వచ్చింది, ఫ్లారెన్సు నుంచి. టస్కనీ దొర మూడో కొసిమో మెదీచికి పునీతుని తల కింద పెట్టిన దిండు ఒకటి కానుకగా అందిందట. ఒక దిండుకు బదులుగా ఆయన పంపింది చూస్తే ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదీ అనిపిస్తుంది. జొవాన్ని బత్తీస్తా ఫొజ్జీని చేత పదేళ్లు చెక్కించిన రంగురాళ్ల, పాలరాళ్ల సమాధి అది. నాలుగు పక్కలా నాలుగు కంచు పలకలు. ఒకదానిలో బోధ, ఒకదానిలో జ్ఞానస్నానం, ఒకదానిలో తరుముకొస్తున్న దీవి జనం నుంచి తప్పించుకోవడం, చివరిదానిలో శాంచియన్ పాక. ముక్కలుగా విడదీసి పెట్టెల్లో సర్ది ఓడెక్కించారు. బిగించడానికి ప్లాచిదో రాంపోనీ అనే పనివాడు వెంట వచ్చాడు. 1698లో పని పూర్తయింది.

ఈలోగా పునీతుడికి సైన్యాధిపత్యం కూడా దక్కింది. 1683 నవంబరులో ఛత్రపతి శంభాజీ సేనలు ఊరి పక్క దీవి దాకా వచ్చేశాయి. వైస్రాయి ఆల్వోర్ కౌంటు ఇక దిక్కులేక సమాధి తెరిపించి, తన అధికార దండం పునీతుని చేతిలో పెట్టి, ‘ఇక ఊరు నీది’ అన్నట్టు మొక్కాడు. ఉత్తరం నుంచి మొఘల్ సేన వస్తోందని తెలిసి శంభాజీ వెనుదిరిగాడు. గోవా దాన్ని శౌరి మహిమ అంది. ఔరంగజేబు పాదుషాకు ఆ మహిమలో వాటా ఉందని ఒప్పుకోవడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు. తర్వాత వచ్చిన ప్రతి వైస్రాయీ దండం అందుకున్నది ఆ సమాధి దగ్గరే.

1759లో పోర్చుగల్ మంత్రి పొంబాల్ జెసూట్ల మీద పగబట్టి వాళ్లను పట్టించి ఓడెక్కించేశాడు. వాళ్ల గుడిలో వాళ్లే లేరు. పోతూ పోతూ అసలు దేహం పట్టుకుపోయారు, ఇక్కడ ఉన్నది వేరేదని పుకారు లేచింది. దాన్ని అణచడానికి 1782లో పేటిక తెరిచి జనానికి చూపించారు. ఇప్పుడు పదేళ్లకోసారి జరిగే ప్రదర్శనకు మూలం భక్తి కన్నా ముందు ఈ పుకారే. 18వది 2024 నవంబరు 21న మొదలై 2025 జనవరి 5 దాకా సాగింది. పేటికను ఊరేగింపుగా ఎదురుగా ఉన్న సే కథెడ్రల్‌కు తీసుకువెళ్తారు. తెలుగు నేల నుంచి కూడా బస్సులు కట్టించుకుని వెళ్తారు.

ఊరు మాత్రం రోగాలకు ఖాళీ అయింది. వైస్రాయి పణజికి మారాడు. 1843లో రాజధాని అధికారికంగా తరలింది. 1830ల్లో మఠాలన్నీ రద్దయ్యాయి. తాటిచెట్ల కింద గోడలు మిగిలాయి.

ఇప్పుడు మళ్లీ సున్నం దగ్గరికి వద్దాం. 1952లో పునీతుడి నాలుగు వందలవ వర్ధంతి. పోర్చుగల్‌లో సలజార్ పాలన. పక్కన భారతదేశం స్వతంత్రమై ఐదేళ్లయింది. గోవా మాది, ఎప్పటి నుంచో మాది అని ప్రపంచానికి చూపించాలి. కట్టడాల బాగుచేతకు బల్తజార్ ద కాష్ట్రూ అనే అధికారి లిస్బన్ నుంచి వచ్చాడు. పోర్చుగల్‌లో పాత కోటలకు తర్వాతి కాలపు పూతలు తీసి ‘అసలు ప్రాచీనత’ రప్పించే పద్ధతి నడుస్తున్న రోజులవి. ఇక్కడా అదే చేశారు. మూడున్నర వందల ఏళ్లు కాపాడిన గచ్చు గీకేశారు. ముఖభాగానికి కూడా మొదటి నుంచి పూత ఉండేదా, పక్కగోడలకేనా అన్న దానిపై వాస్తుకారుల్లో వాదన ఉంది. పక్కగోడలకు ఉండేదన్న విషయంలో వాదన లేదు.

నేను వెళ్లింది జులై వానలో. ‘ఒరిజినల్ కలర్ సార్, నాలుగు వందల ఏళ్ల నుంచి ఇలాగే ఉంది’ అని గైడు గొడుగు కింద నుంచి గట్టిగా చెప్పాడు. రోడ్డుకు అటు వైపు సే కథెడ్రల్ తెల్లగా, వెల్ల వేసిన ఇంట్లా తడుస్తోంది. ఇటు బోం జెసూ ఎర్రగా, నీళ్లు పీల్చుకుంటూ ఉంది. చెయ్యి పెడితే రాయి గిల్లుకు రాలింది. పోస్టుకార్డుల మీద, సినిమా పాటల్లో, టీ షర్టుల మీద అందరికీ అలవాటైన బోం జెసూ ఈ ఎర్రదే. మళ్లీ గచ్చు పూయాలని గట్టిగా అడిగేవాళ్లు ఉన్నారు. ఈ రంగే మా గుడి, తెలుపు చేస్తే గుర్తుపట్టలేమని అనేవాళ్లూ ఉన్నారు. నా ఓటు మేస్త్రీకే. డెబ్బై ఏళ్ల అలవాటు ఆ రాయికి ఒక్క వానకారునూ ఆపలేదు.

మనం మాత్రం ఈ వారం మూడున్నర శతాబ్దాలు ముందుకు పరుగెత్తాం. వచ్చే భాగంలో మళ్లీ వెనక్కి, గోడలు మనిషెత్తు లేచిన రోజుల్లోకి వెళ్లాలి. ఆ ప్రతిజ్ఞా గృహం వారు తూర్పు తీరంలో, శాంతోమ్ నుంచి 1598లో ఒక ప్రయాణం పెట్టుకున్నారు. వాళ్లు వెళ్లింది చంద్రగిరికి. రాక్షస తంగడి తర్వాత మిగిలిన విజయనగరాన్ని కూడగట్టుకుంటున్న వెంకటపతి రాయల దర్బారుకు. అక్కడ బ్రాహ్మణ పండితులతో వాదాలు జరిగాయి, చిత్రకళ తెలిసిన పాదిరీల బొమ్మలు రాయలవారికి నచ్చాయి. అదే ఏళ్లలో ఆమ్‌స్టర్‌డాంలో లిన్స్‌హోటెన్ అనే డచ్చివాడు, గోవాలో అగ్రపీఠాధిపతి దగ్గర గుమాస్తాగా ఉండి నేర్చుకున్న ఓడదారుల గుట్టంతా 1596లో పుస్తకంగా అచ్చు వేసేశాడు. చంద్రగిరి కొండ కింద పాదిరీలు రాయలవారి సెలవు కోసం కాచుకుని ఉండగానే డచ్చి ఓడలు తెరచాపలు ఎత్తుతున్నాయి. వాటిలో కొన్నిటికి దారి మన మచిలీపట్నం మీదుగా ఉంది.